కోచ్‌ను ఉంచాలా, సాగనంపాలా? పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే గొడవ: ఫలానా ఫుట్‌బాల్ కోచ్ మంచోడా కాదా, ఇంకొన్నాళ్లు చూడాలా, ఇప్పుడే పంపించేయాలా. కొన్ని ఇంగ్లండ్ క్లబ్బుల గురించి, కొన్ని భారత జట్టు గురించి, ఒకటి కరీంనగర్ జిల్లాలోని ఒక కాలేజీ జట్టు గురించి. ఒకేలాంటి ప్రశ్నలను కలిపేసి, కాస్త కుదించి ఇస్తున్నాం.

ప్రశ్న: నేను మాంచెస్టర్ యునైటెడ్ అభిమానిని. కొత్త మేనేజర్ వచ్చి నాలుగు మ్యాచ్‌లు ఓడంగనే మేం తిడ్తం, పెద్దలేమో "ఫెర్గూసన్‌కు కూడా టైమిచ్చిండ్రు, ఓపిక పట్టు" అంటరు. అసలు ఎన్ని మ్యాచ్‌లు చూస్తే మేనేజర్ సంగతి తేలుతది?
— డిగ్రీ విద్యార్థి, హన్మకొండ

జవాబు: పది మ్యాచ్‌లతో మాత్రం తేలదు. ఎందుకో ఒక లెక్క చూడండి. ఒక మోస్తరు జట్టు ఉంది, ఏ మ్యాచ్‌లోనైనా గెలిచే అవకాశం నూటికి 40, డ్రా 27, ఓటమి 33 అనుకుందాం. గెలుపుకు మూడు, డ్రాకు ఒక పాయింటు లెక్కన సగటున మ్యాచ్‌కు 1.47 పాయింట్లు, అంటే పది మ్యాచ్‌లకు ఇంచుమించు 15. కానీ ఆటలో ఏ మార్పూ లేకుండానే, పోస్టుకు తగిలిన బంతి లోపలికి పోయిందా బయటికి పోయిందా అన్న తేడాతోనే, ఈ జట్టుకు పది మ్యాచ్‌ల్లో 11 నుంచి 19 దాకా ఎన్ని పాయింట్లైనా రావచ్చు. మూడింట రెండుసార్లు ఈ హద్దుల్లో ఉంటుంది, మూడోసారి వాటినీ దాటుతుంది. 11 వస్తే "ఎక్కడ దొరికిండు ఈయన" అంటాం, 19 వస్తే "కాంట్రాక్టు పెంచాలె" అంటాం. రెండుచోట్లా జట్టు అదే, కోచ్ అతనే.

19 మ్యాచ్‌లు, అంటే ప్రతి ప్రత్యర్థితో ఒకసారి ఆడిన తర్వాత, ఈ అదృష్టం వాటా 28 పాయింట్లలో అటూఇటూ ఆరుకు వస్తుంది. 38 మ్యాచ్‌లకు 56లో ఎనిమిది. అప్పటికీ పూర్తిగా పోదు, కానీ మాట్లాడుకోవడానికి పనికొస్తుంది. అందుకే సగం సీజన్ కంటే ముందు పాయింట్లను బట్టి తీర్పు చెప్పొద్దు.

ఇక యునైటెడ్ పాత మేనేజర్ ఫెర్గూసన్. ఆయన 1986 నవంబర్‌లో వచ్చారు. వరసగా 11, 2, 11, 13 స్థానాలు. 1990లో ఎఫ్ఏ కప్, 1992-93లో లీగ్ టైటిల్. ఇందులో రెండో సీజన్‌లోనే వచ్చిన రెండో స్థానాన్ని అందరూ దాటేస్తారు. పైగా పట్టికలో కనిపించని పని అప్పటికే నడుస్తోంది: పిల్లల కోసం స్కౌట్ల వ్యవస్థను పెంచారు, ర్యాన్ గిగ్స్‌ను పద్నాలుగేళ్లకే క్లబ్బుకు తెచ్చుకున్నారు, 1992లో ఆ క్లబ్బు కుర్రాళ్లు ఎఫ్ఏ యూత్ కప్ గెలిచారు. ఓపిక పట్టమనేవాళ్లను అడగాల్సింది అదే: పాయింట్లు రాకపోయినా, ఏం కనిపిస్తోందని ఓపిక పట్టాలి? జట్టు సగటు వయసు తగ్గిందా, కుర్రాళ్లకు ఆడే నిమిషాలు పెరిగాయా, తింటున్న గోల్స్ తగ్గుతున్నాయా? వీటిలో ఒక్కటీ లేకుండా టైమిచ్చి మునిగిన క్లబ్బుల కథలు ఎవరూ చెప్పరు.

ఇంకో సంగతి. అదే యునైటెడ్‌కు మేనేజర్‌గా రూబెన్ అమోరిమ్ 2024 నవంబర్‌లో, సీజన్ మధ్యలో వచ్చారు. ముగ్గురు సెంటర్ బ్యాక్‌లతో (గోల్ ముందు మధ్యలో నిలబడే డిఫెండర్లు), ఇద్దరు వింగ్‌బ్యాక్‌లతో (అంచుల్లో ముందుకూ వెనక్కూ పరుగెత్తేవాళ్లు) ఆడించడం ఆయన పద్ధతి. క్లబ్బు కొనిపెట్టిన ఆటగాళ్లేమో నలుగురు డిఫెండర్ల పద్ధతికి అలవాటైనవాళ్లు. ఆ సీజన్ 42 పాయింట్లతో 15వ స్థానంలో ముగిసింది. ఇందులో కోచ్ మొండితనం ఎంత, ఆయన్ను ఎంచుకున్నవాళ్ల తప్పెంత అన్నది విడదీయకుండా మాట్లాడితే, పత్తి వేసిన చేనులో మిర్చి ఎందుకు కాయలేదని అడిగినట్టుంటుంది.

ప్రశ్న: మనోలో మార్కెజ్ హైదరాబాద్‌ను చాంపియన్ చేసిండు. అదే మనిషి భారత జట్టుకు వచ్చినంక ఎనిమిది మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలుపు. మంచి కోచా, కాదా? ఒక్క ముక్కలో చెప్పుండ్రి.
— రైల్వే ఉద్యోగి, కాజీపేట

జవాబు: ఒక్క ముక్కలో: మంచి క్లబ్ కోచ్. మిగతాది వివరంగా చెప్పాల్సిందే, ఎందుకంటే మన తెలంగాణలో కోచ్ విలువ లెక్కగట్టడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

హైదరాబాద్ ఎఫ్‌సీ 2019-20లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్)లో ఆఖరి స్థానం. మనోలో వచ్చాక 2020-21లో ఐదు, 2021-22లో లీగ్‌లో రెండో స్థానం, ఆపైన ట్రోఫీ. 2022 మార్చి 20న గోవాలో జరిగిన ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌తో 1-1, పెనాల్టీల్లో 3-1. 2022-23లో మళ్లీ రెండో స్థానం. మూడు సీజన్లు వరసగా నిలబడింది కాబట్టి దీన్ని అదృష్టం అనలేం. అలాగని అంతా ఆయన ఘనతే కూడా కాదు: 2021-22లో బార్తొలొమ్యూ ఒగ్బెచే 18 గోల్స్ కొట్టాడు, అలాంటి స్ట్రైకర్‌ను తెచ్చి జీతమిచ్చింది క్లబ్బు.

ఆయన వెళ్లిపోయిన 2023-24 సంగతి చూడండి. జీతాలు అందక విదేశీయులు, సీనియర్లు వెళ్లిపోయారు, కొత్తవాళ్లను తీసుకోకుండా నిషేధం పడింది. మిగిలిన కుర్రాళ్లతో 22 మ్యాచ్‌ల్లో ఒక్క గెలుపు, ఎనిమిది పాయింట్లు. ఆ సీజన్‌కు కోచ్‌ను తప్పుబట్టడం అన్యాయం. ఆర్థికవేత్తలు ఇంగ్లండ్ లీగుల లెక్కలు ఏళ్ల తరబడి చూసి తేల్చిందీ ఇదే: నాలుగైదేళ్ల సగటు తీస్తే, పట్టికలో ఏ జట్టు ఎక్కడుంటుందో చాలావరకు జీతాల బిల్లే చెప్పేస్తుంది. కోచ్ పని దానికి పైన ఎంత తెచ్చాడు, కింద ఎంత పోగొట్టాడు అన్నదే.

ఇక భారత జట్టు. 2024 జులైలో నియామకం, 2025 జులైలో విడిపోవడం. ఎనిమిది మ్యాచ్‌లు: మాల్దీవులపై 3-0 గెలుపు, మారిషస్, వియత్నాం, మలేసియా, బంగ్లాదేశ్‌లతో డ్రా, సిరియా, థాయ్‌లాండ్, హాంకాంగ్ చేతుల్లో ఓటమి. వీటిలో మారిషస్, సిరియా, మలేసియా మ్యాచ్‌లు మన గచ్చిబౌలిలోనే జరిగాయి. క్లబ్బులో కోచ్ రోజూ శిక్షణ ఇస్తాడు, విదేశీ స్ట్రైకర్‌ను కొనుక్కుంటాడు. జాతీయ జట్టులో ఆటగాళ్లు మ్యాచ్‌కు కొద్దిరోజుల ముందు చేతికొస్తారు. ఐఎస్‌ఎల్ క్లబ్బుల్లో గోల్ కొట్టే చోట్లలో ఎక్కువగా విదేశీయులే ఆడతారు కాబట్టి సునీల్ ఛెత్రి తర్వాత స్ట్రైకర్ ఎవరన్నది ఏ కోచ్ వచ్చినా తప్పని తలనొప్పి. రిటైరైన ఛెత్రినే 2025 మార్చిలో వెనక్కి పిలవాల్సి వచ్చింది.

ఇవన్నీ చెప్పాక, ఆయన ఖాతాలో పడాల్సినవీ ఉన్నాయి. మొత్తం ఎనిమిదింటిలో ఐదు గోల్స్, అందులో మూడు ఒక్క మ్యాచ్‌లోనే. మారిషస్, బంగ్లాదేశ్‌ల మీద ఒక్క గోల్ కూడా లేదు. ఇది పెద్ద జట్లతో ఓడిపోవడం లాంటిది కాదు. ఆ ఏడాదంతా ఆయన గోవా క్లబ్బుకూ కోచ్‌గానే ఉన్నారు. అక్కడ లీగ్‌లో రెండో స్థానం, సూపర్ కప్. ఒకే మనిషికి రెండు బాధ్యతలు ఇచ్చిన నిర్ణయం భారత ఫుట్‌బాల్ సమాఖ్యది, ఒప్పుకున్నది ఆయన.

ప్రశ్న: టోటెన్‌హామ్‌కు పదిహేడేండ్ల తర్వాత ట్రోఫీ తెచ్చిన మేనేజర్‌ను పదహారు రోజులకు తీసేసుడు ఏం న్యాయం? ట్రోఫీ కంటే ఇంకేం గావాలె?
— గోదావరిఖని

జవాబు: రెండు లెక్కలూ నిజమే. మీరంటున్న మేనేజర్ పొస్తెకోగ్లూ 2025 మే 21న బిల్‌బావోలో మాంచెస్టర్ యునైటెడ్‌ను 1-0తో ఓడించి యూరోపా లీగ్ గెలిచారు. అదే సీజన్‌లో ప్రీమియర్ లీగ్‌లో 38 మ్యాచ్‌లకు 22 ఓటములు, 38 పాయింట్లు, 17వ స్థానం. జూన్ 6న తీసేశారు. యూరోపాలో వాళ్లు ఆడినవి 15 మ్యాచ్‌లు. చివరి నెలల్లో ముఖ్యమైన ఆటగాళ్లను కప్ కోసం దాచి లీగ్‌లో రెండో వరస జట్టును దింపారన్నదీ గమనించాలి. అంటే ఆ ఓటముల్లో కొన్ని తెలిసి చేసుకున్న ఖర్చు. సెంటర్ బ్యాక్‌లు రొమెరో, వాన్ డె వెన్ నెలల తరబడి గాయాలతో లేరు. అయితే డిఫెన్స్ వరసను మైదానం మధ్యదాకా తెచ్చి ఆడించడం, ఆ ఇద్దరు లేనప్పుడు కూడా దాన్ని మార్చకపోవడం ఆయన నిర్ణయమే. మా ఉద్దేశంలో తీసేయడం తప్పు కాదు, తీసేసిన తీరు మాత్రం మొరటు.

అసలు చిక్కు ఏమిటంటే, సీజన్ మొదట్లో ఏం ఆశించారో ఎవరూ రాసిపెట్టుకోరు. గెలిస్తే "ఇది మన హక్కు", ఓడితే "మేం ముందే చెప్పినం". రాసిపెట్టుకునే పద్ధతి ఒకటి చెబుతాం, ఆగస్టులో ఒక గంట కూర్చుంటే చాలు. మొదట జీతాల బిల్లులో మీ క్లబ్బు ఎన్నో స్థానమో చూడండి. ఇంగ్లండ్ క్లబ్బుల ఖాతాలు బహిరంగమే, కాకపోతే కొన్ని నెలలు ఆలస్యంగా వస్తాయి. తర్వాత గత రెండు సీజన్ల పాయింట్ల సగటు. స్థానం కాదు, పాయింట్లే చూడాలి: ఆర్సెనల్ 2022-23లో 84 పాయింట్లతో రెండో స్థానం, 2024-25లో 74తోనూ రెండో స్థానమే. లివర్‌పూల్ 2018-19లో 97 తెచ్చుకుని కూడా రెండోదే. ఆ మూడింటినీ "రెండో స్థానం" అని ఒకే గాటన కడితే ఏమీ అర్థం కాదు.

మూడోది, వెళ్లిపోయిన ఆటగాళ్ల పేర్లు కాదు, వాళ్లు నిరుడు ఆడిన నిమిషాలు కూడండి. మొత్తం నిమిషాల్లో మూడో వంతు పోతే దాన్ని కొత్త జట్టు కిందే లెక్కించి, తొలి పది మ్యాచ్‌ల మీద ఆశ తగ్గించుకోవాలి. నాలుగోది, యూరప్ మ్యాచ్‌లు ఉన్నాయా? గురువారం ఆడి ఆదివారం మళ్లీ ఆడే జట్టుకు శిక్షణ రోజులే మిగలవు. ఇవన్నీ చూసి ఒక అంకె కాదు, ఒక హద్దు రాయండి: "58 నుంచి 66 పాయింట్లు" అని. తేదీ వేసి మడిచి పెట్టండి. ఇక్కడ అందరూ చేసే పొరపాటు, మొదటి ఐదు మ్యాచ్‌లు గెలవగానే ఆ హద్దును పైకి జరపడం. 2015-16లో 81 పాయింట్లతో చాంపియన్ అయిన లెస్టర్, అంతకుముందు ఏడాది 14వ స్థానం జట్టు. మరుసటి ఏడు మిడ్‌ఫీల్డర్ కాంటెను చెల్సీకి అమ్ముకుంది, అయినా ఆశ మాత్రం చాంపియన్ స్థాయిలోనే మిగిలింది. 2017 ఫిబ్రవరిలో మేనేజర్ రానియెరీని తీసేశారు.

ప్రశ్న: ఫోన్లో స్కోరు చూస్తే మా జట్టుకు ఎక్స్‌జీ 1.8, ఎదుటి జట్టుకు 0.6. మేం 0-1తో ఓడినం. కోచ్ "మేమే బాగా ఆడినం" అంటున్నడు. నమ్మాల్నా?
— సింగరేణి ఉద్యోగి, మంచిర్యాల

జవాబు: ఒక్క మ్యాచ్‌కైతే సగం నమ్మండి. ఎక్స్‌జీ (ఎక్స్‌పెక్టెడ్ గోల్స్) అంటే ప్రతి షాట్‌కూ, అలాంటి చోటు నుంచి అలాంటి తీరులో కొట్టిన పాత షాట్లలో ఎన్ని గోల్ అయ్యాయో చూసి ఇచ్చే విలువ. పెనాల్టీకి సుమారు 0.76 నుంచి 0.79. పెనాల్టీ బాక్సు బయటి నుంచి కొట్టే మామూలు షాట్‌కు 0.03 దాకా. దూరం, కోణం, తలతోనా కాలితోనా, బంతి ఎలా వచ్చింది అన్నవి ముఖ్యం. కొన్ని కంపెనీలు ఎదుట ఎంతమంది డిఫెండర్లున్నారో కూడా కలుపుతాయి. అందుకే ఒక్కో యాప్‌లో ఒక్కో అంకె కనిపిస్తుంది.

1.8 ఎలా వచ్చిందో విప్పి చూడండి. పెనాల్టీ తప్పిపోయి ఉంటే అదొక్కటే 0.76. కీపర్ ఆపిన బంతిని మళ్లీ కొట్టిన సందర్భాలు ఇంకో మాయ: మొదటి షాట్ 0.6, తిరిగొచ్చిన బంతి మీద రెండో షాట్ 0.7, కూడితే 1.3. కానీ ఆ ఒక్క దాడిలో రెండు గోల్స్ రావు కదా. కనీసం ఒకటి వచ్చే అవకాశం 0.88 మాత్రమే. మూడోది స్కోరు ప్రభావం: ఎదుటి జట్టు పదో నిమిషంలోనే గోల్ కొట్టి వెనక్కి తగ్గితే, మిగతా ఎనభై నిమిషాలు మీరే షాట్లు కొడతారు. అది మీ గొప్ప కాదు, వాళ్లు ఎంచుకున్న పద్ధతి. కాబట్టి స్కోరు సమంగా ఉన్నంతసేపు ఎవరి ఎక్స్‌జీ ఎంతో విడిగా చూడండి.

పెనాల్టీలు తీసేసి, పది మ్యాచ్‌ల సగటు తీసి, మనకు వచ్చిన దాంట్లోంచి ఎదుటివాళ్లకు ఇచ్చినది తీసేస్తే అప్పుడు నమ్మదగ్గ బొమ్మ కనిపిస్తుంది. జర్మనీలో క్లోప్ కోచ్‌గా ఉన్న డార్ట్‌మండ్ జట్టు 2014-15లో శీతాకాల విరామానికి 17వ స్థానంలో ఉంది, ఫిబ్రవరిలో అట్టడుగుకు పోయింది. అవకాశాల లెక్క మాత్రం అంత దారుణంగా లేదు. సీజన్ ఏడో స్థానంతో ముగించింది. పది మ్యాచ్‌లైనా గోల్స్ కంటే ఎక్స్‌జీ ఎక్కువగానే ఉంటే కోచ్ మాటలో నిజముంది. ఇరవై మ్యాచ్‌లు దాటినా అదే పాట అయితే స్ట్రైకర్‌ను చూసుకోవాలి, లేదా ఆ స్ట్రైకర్‌నే దింపుతున్న కోచ్‌ను.

ప్రశ్న: మా కాలేజీ టీమ్ టోర్నమెంట్ క్వార్టర్ ఫైనల్లో 1-5తో ఓడింది. పీడీ సార్‌ను కోచింగ్ నుంచి తప్పించాలని కమిటీలో సగం మంది, వద్దని సగం మంది. మాకు యాప్‌లు లేవు, లెక్కలు లేవు. సార్ పనిని న్యాయంగా ఎట్ల చూడాలె?
— క్రీడా కమిటీ సభ్యుడు, కరీంనగర్ జిల్లా

జవాబు: అన్నిటికంటే ముందు ఆ ఐదు గోల్స్ ఎలా పడ్డాయో రాయండి. ఆడిన పిల్లలను విడివిడిగా అడిగితే గుర్తుంటుంది. కార్నర్‌కా, ఫ్రీకిక్‌కా, మన సగంలో మనమే బంతి పోగొట్టుకున్నామా, వెనక ఖాళీలోకి పరుగెత్తాడా, కీపర్ జారవిడిచాడా, ఎన్నో నిమిషం.

ఐదులో మూడు కార్నర్లకు పడితే అది కోచ్ ఖాతా. కార్నర్లను ఆపడానికి ప్రతిభ కంటే సాధన ముఖ్యం: దగ్గరి పోస్టు దగ్గర ఒకరు, కీపర్‌కు బయటికి రావడానికి దారి, తలతో కొట్టే ఇద్దరికి ఇద్దరు కాపలా, బాక్సు అంచున తిరిగొచ్చే బంతికి ఇద్దరు. వారానికి రెండుసార్లు పావుగంట, ఒక్కో వైపు నుంచి పది బంతులు వేయిస్తే నెలలో తేడా తెలుస్తుంది. అది చేయించలేదంటే సార్‌ను అడగాల్సిందే. అదే ఐదూ ఎదుటి జట్టులోని ఒకే వింగర్ మన రైట్ బ్యాక్‌ను పరుగులో దాటేసి కొట్టినవైతే, సగం ప్రతిభ తేడా. మిగతా సగం ఏమిటంటే, రెండో గోల్ తర్వాత ఆ రైట్ బ్యాక్‌కు తోడుగా ఎవరినైనా వెనక్కి పంపారా లేదా.

చివరి ఇరవై నిమిషాల్లోనే మూడు పడ్డాయా? అప్పుడు ఫిట్‌నెస్ అనే ముందు షెడ్యూల్ చూడండి. మన దగ్గర ఖర్చు తగ్గుతుందని ఒకేరోజు రెండు మ్యాచ్‌లు పెట్టేస్తారు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం మూడింటికి ఆడిస్తే ఏ జట్టైనా రెండో సగంలో కూలబడుతుంది. పొద్దున ఆరున్నరకో సాయంత్రం ఐదు దాటాకో పెట్టించాల్సింది నిర్వాహకులు.

ఇక ముందుకు. ఒక పొడుగు నోటుబుక్కు, ఇద్దరు పిల్లలు, ఒక స్టాప్‌వాచ్ చాలు. మ్యాచ్‌కు ముందు ప్రతి పేజీలో సగం మైదానం బొమ్మ గీయండి. కొలతలు సరిచూడండి, మన మైదానాల్లో సున్నం గీతలు ఇష్టమొచ్చినట్టు వేస్తారు: పెనాల్టీ బాక్సు లోతు 16.5 మీటర్లు, వెడల్పు 40.3, చిన్న బాక్సు లోతు 5.5; పెనాల్టీ చుక్క 11 మీటర్లకు; గోల్ 7.32 వెడల్పు, 2.44 ఎత్తు. బాక్సు 14 మీటర్లకే గీస్తే ఫౌల్ పెనాల్టీ అయ్యేది ఫ్రీకిక్ అయిపోతుంది, మీ లెక్కా తప్పుతుంది.

ప్రతి షాట్‌కు ఒక చుక్క, పక్కన నిమిషం. గోల్ అయితే చుట్టూ సున్న. తలతో కొడితే 'త'. ఒక పిల్లాడు మన షాట్లు, ఇంకొకడు ఎదుటివాళ్లవి. తర్వాత మోటు విలువలు వేసుకోండి: పెనాల్టీ 0.75, చిన్న బాక్సు లోపల 0.35, పెద్ద బాక్సు మధ్యలో 0.15, బాక్సు పక్కల్లో 0.06, బయటి నుంచి 0.03. ఇవి పెద్ద లీగుల తీరును బట్టి వేసిన ఉజ్జాయింపులు. మన పిల్లల్లో పొట్టి కీపర్లుంటే దూరం షాట్లు ఇంకా ఎక్కువే లోపలికి పోతాయి. కానీ రెండు జట్లకూ అదే కొలత కాబట్టి పోల్చడానికి పనికొస్తుంది.

ఇందులో చెడేది ఎక్కడంటే, రాసే పిల్లాడు మన గోల్ పడగానే కేకలేస్తూ రెండు నిమిషాలు పెన్ను పక్కన పెట్టేస్తాడు. ఆ రెండు నిమిషాల్లో ఎదుటివాళ్లు కొట్టిన షాట్లు పుస్తకంలో ఉండవు. వాళ్ల వైపు రాయడానికి వేరే కాలేజీ పిల్లాడిని కూర్చోబెట్టండి. "మంచి ఛాన్సు" అని రాయనివ్వొద్దు, దాని మీద కొట్లాట అవుతుంది. షాట్ కొడితేనే చుక్క.

మైదానం బయటివి కూడా చూడాలి. శిక్షణ హాజరు పట్టీ ఉందా? టోర్నమెంట్‌కు ముందు ఎన్ని రోజులు గ్రౌండు దొరికింది, ఎన్ని రోజులు పరీక్షలు అడ్డొచ్చాయి? ఒకే పిల్లాడికి తొడ కండరం మళ్లీ మళ్లీ పట్టేస్తోందా? అలాగైతే వార్మప్ ఎంతసేపు చేయిస్తున్నారో చూడండి, పావుగంట లేకపోతే లోపం అక్కడే. జూన్‌లో చేరిన పిల్లల్లో జనవరికి ఎడమకాలితో పాస్ ఇవ్వగలిగేవాళ్లు పెరిగారా? కాలేజీ కోచ్‌కు నిజమైన పరీక్ష ఇది. ఏటా పాతవాళ్లు డిగ్రీ అయిపోయి వెళ్తారు, కొత్తవాళ్లను తయారుచేయడమే ఆయన ఉద్యోగం.

నాకౌట్ టోర్నమెంట్‌లో మూడు నాలుగు మ్యాచ్‌లకు మించి రావు, దాన్ని పట్టుకుని ఎవరినీ తీసేయొద్దు. దసరా సెలవుల టోర్నీ, సంక్రాంతి టోర్నీ, మధ్యలో స్నేహపూర్వక మ్యాచ్‌లు కలిపి పన్నెండు పదిహేను మ్యాచ్‌ల చుక్కలు పోగయ్యాక పుస్తకం ముందు పెట్టుకుని సార్‌తో కూర్చోండి. ఆ పుస్తకం మొదలుపెడుతున్నామని ఇవాళే ఆయనకు చెప్పండి. చాటుగా రాస్తే నిఘా అనుకుంటారు, అలా అనుకోవడంలో ఆయన తప్పేం లేదు.

ప్రశ్న: కోచ్‌ను మార్చంగనే జట్టు గెలవడం మొదలుపెడ్తది. అంటే మార్చుడు మంచిదే కదా?
— ఆదిలాబాద్

జవాబు: కోచ్‌ను ఎప్పుడు తీసేస్తారు? జట్టు బాగా కిందికి పోయినప్పుడు. అక్కడి నుంచి మామూలు స్థితికి రావడం ఎలాగూ జరుగుతుంది. నెదర్లాండ్స్‌లో 1986 నుంచి 2004 దాకా లీగ్ మ్యాచ్‌లను పరిశీలించారు: వరస ఓటముల్లో కోచ్‌ను మార్చిన జట్లు, అంతే చెడ్డ దశలో ఉండి మార్చని జట్లు. రెండు రకాలూ ఇంచుమించు ఒకేలా కోలుకున్నాయి. రానియెరీని తీసేశాక లెస్టర్‌కు వచ్చిన క్రెయిగ్ షేక్‌స్పియర్ మొదటి ఐదు లీగ్ మ్యాచ్‌లూ గెలిచారు, సీజన్ 12వ స్థానంతో ముగిసింది. అదే 2017 అక్టోబర్‌లో ఆయన్నూ పంపించేశారు.

మార్పు నిజంగా పనిచేసే సందర్భం ఒకటుంది: ఆటగాళ్లకూ కోచ్‌కూ పూర్తిగా చెడినప్పుడు. పరుగు దూరం, ట్యాకిళ్లు ఒక్కసారిగా పడిపోతే అది తెలుస్తుంది.

ప్రశ్న: మా కాలంలో రహీం సాబ్ భారత్‌కు రెండు ఆసియా క్రీడల స్వర్ణాలు తెచ్చారు. ఇప్పటి కోచ్‌లను ఆయనతో పోల్చడం సబబేనా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, జనగామ

జవాబు: పోల్చవచ్చు, కానీ మొత్తం చిట్టా పెట్టుకుని. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిపించిన సయ్యద్ అబ్దుల్ రహీం భారత జట్టుతో చూసినవి ఇవి: 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్‌పై 1-0తో స్వర్ణం, 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 1-10, 1954 మనీలాలో గ్రూపు దశలోనే ఇంటిముఖం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1958 టోక్యోలో నాలుగు, 1960 రోమ్‌లో ఫ్రాన్స్‌తో 1-1, కానీ గ్రూపు దాటలేదు, 1962 జకార్తాలో మళ్లీ స్వర్ణం. 1952లోనో 1954లోనో "ఇక చాలు" అని ఉంటే మెల్‌బోర్న్, జకార్తా ఉండేవి కావు.

కోచ్ చేతిలో ఏముంటుందో జకార్తా చూస్తే తెలుస్తుంది. గ్రూపులో దక్షిణ కొరియా చేతిలో 0-2 ఓటమి. థాయ్‌లాండ్‌తో మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం అతన్ని పక్కన పెట్టలేదు, వెనకా ఆడించలేదు, సెమీస్ నుంచి సెంటర్ ఫార్వర్డ్‌గా దింపారు. ఫైనల్‌కు అనారోగ్యం నుంచి తేరుకున్న పీటర్ తంగరాజ్‌ను గోల్‌లో నిలబెట్టారు. మళ్లీ అదే కొరియా. పీకే బెనర్జీ ఒక గోల్, జర్నైల్ సింగ్ ఒక గోల్, 2-1. ఆ పోటీలో ఆడింది ఎనిమిది జట్లే, ఆసియాలో ఇవాళ్టి పోటీ వేరు. అందుకే పతకాన్ని పతకంతో పోల్చొద్దు, ఓడిన జట్టుతో పది రోజులు తిరక్కముందే మళ్లీ ఆడాల్సి వచ్చినప్పుడు ఏం మార్చాడన్నది పోల్చండి.

ప్రశ్న: మా అభిమాన జట్టు కోచ్ ఎనభయ్యో నిమిషం దాకా సబ్‌స్టిట్యూట్లను దింపడు. ఇది తప్పే కదా?
— మహబూబాబాద్

జవాబు: ప్రతిసారీ కాదు. పెద్ద లీగుల్లో ఐదుగురిని మార్చవచ్చు, కానీ ఆట ఆపి మార్చే అవకాశాలు మూడే. విరామంలో చేసేవి ఈ మూడింటిలోకి రావు. డెబ్బయ్యో నిమిషానికే మూడూ వాడేస్తే, ఆ తర్వాత ఎవరికైనా గాయమైతే పది మందితో ఆడాల్సిందే, అందుకే ఒకటి దాచుకుంటారు. బెంచీ బలహీనంగా ఉన్నా ఆలస్యం చేస్తారు. తప్పెప్పుడంటే, 0-1తో వెనకబడి, బెంచీ మీద స్ట్రైకర్ ఉండి, మొదటి మార్పే 85వ నిమిషంలో చేస్తే; వచ్చినవాడికి నాలుగుసార్లు బంతి అందేలోపే విజిల్ పడుతుంది. వరసగా ఎనిమిది మ్యాచ్‌లకు మొదటి మార్పు నిమిషం, అప్పటి స్కోరు, దానికి ముందు పావుగంటలో మన షాట్లు, తర్వాత పావుగంటలో మన షాట్లు రాసి పంపండి. వచ్చే నెల ఆ అంకెలతోనే జవాబిస్తాం.